అంబాసిడర్‌కు డిస్కులు వేయించకండి

పాత అంబాసిడర్ ఇంటికొచ్చి వారం తిరక్కముందే ఎవరో ఒకరు అంటారు: "ముందు ఆ డ్రమ్ములు పీకించి డిస్కులు వేయించండి సార్, లేకపోతే ప్రాణం మీదికొస్తుంది." షెడ్డులో మెకానిక్ అంటాడు, పక్కింటి ఇంజనీరు అంటాడు, కొత్త కారు నడిపే మేనల్లుడూ అంటాడు. అందరూ మన మంచి కోరే అంటారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. వేయించకండి. ముందు చక్రాల డ్రమ్ములను ఉన్నచోటే ఉండనివ్వండి. డిస్కుల కోసం తీసిపెట్టిన డబ్బూ, షెడ్డు చుట్టూ తిరిగే ఓపికా ఉన్న బ్రేకుల మీదే పెట్టండి. మొండి సలహా అనిపిస్తుందని తెలుసు. అందుకే ముందు కారణాలు, తర్వాత పని చెబుతాను.

డిస్కు గొప్పదనాన్ని నేను తక్కువ చేయను. 1902లోనే ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇంగ్లండులో దానికి పేటెంటు తీసుకున్నాడు. 1953లో లె మాన్ 24 గంటల పందేన్ని జాగ్వార్ సి-టైపు డన్‌లప్ డిస్కులతో గెలిచింది. 1955లో సిట్రోయెన్ డీఎస్, 1956లో ట్రయంఫ్ టీఆర్3 ముందు చక్రాలకు డిస్కులతో అమ్మకానికి వచ్చాయి. మన పద్మినికి తోబుట్టువైన ఫియట్ 1100 ఆర్ కూడా 1966లో ఇటలీలో ముందు డిస్కులతోనే వచ్చింది. బొంబాయి కుర్లాలో తయారైన మన 1100 డి మాత్రం, పద్మిని పేరు తగిలించుకున్నాక కూడా, చాలాకాలం డ్రమ్ములతోనే సాగింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టి, కలకత్తా పక్కన ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారైన అంబాసిడర్ సంగతీ చాలా ఏళ్లు అదే. కాబట్టి డిస్కు ఎందుకు గెలిచిందో, ఎక్కడ గెలిచిందో ముందు చూడాలి.

లె మాన్‌లో అప్పట్లో సుమారు ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు చివర, 200 దాటిన వేగం నుంచి ప్రతి చుట్టులోనూ బ్రేకు తొక్కాల్సి వచ్చేది. ఇరవై నాలుగు గంటలూ అంతే. డ్రమ్ములో షూలు లోపల మూసుకుని ఉంటాయి, వేడి బయటికి పోయే దారి తక్కువ. వేడెక్కిన లైనింగు పట్టు తగ్గుతుంది. డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడల్ లోతుకు పోతుంది. దీన్నే ఫేడ్ అంటారు. డిస్కు గాలిలో తిరుగుతుంది, వేడి త్వరగా వదులుతుంది. మళ్లీ మళ్లీ, వెంటవెంటనే, పెద్ద వేగం నుంచి ఆగాల్సిన బండికి డిస్కు తప్పనిసరి. పెళ్లికీ గుడికీ తీసే అంబాసిడర్‌కు ఆ అవసరం రోజూ రాదు. రోజూ వచ్చే అవసరం వేరు: ఎదురుగా ఆటో అడ్డం తిరిగితే ఒక్కసారి గట్టిగా తొక్కి ఆపడం.

ఆ ఒక్కసారి ఆపే పనిలో ఆఖరి మాట టైరుది. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, రోడ్డు మీద కారును ఆపేది టైరు పట్టు. మీ డ్రమ్ములు నాలుగు చక్రాలనూ లాక్ అయ్యేంత గట్టిగా పట్టగలిగితే, ఆ టైర్ల మీద అంతకన్నా తక్కువ దూరంలో ఏ డిస్కూ ఆపలేదు. అందుకే నా మొదటి చిట్కాకూ బ్రేకులకూ సంబంధం లేనట్టు కనిపిస్తుంది: టైర్లు మార్చండి. అంబాసిడర్‌కు మొదట వచ్చినవి 5.90-15 సైజు. ఇప్పటికీ ఎన్నో బళ్లు రబ్బరు గట్టిపడి, పక్కలు పగిలిన నైలాన్ టైర్ల మీదే తిరుగుతున్నాయి. బటన్లు నిండుగా ఉన్నాయి కదా అని యజమాని మురిసిపోతుంటాడు. టైరు పక్కన అచ్చులో ఆఖరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. ఆ తేదీకి ఆరేళ్లు దాటితే బటన్ల లోతు ఎంతున్నా అనుమానంగా చూడండి, పదేళ్లు దాటితే చూడనే అక్కర్లేదు, తీసేయండి. నాలుగూ ఒకే రకం, ఒకే వయసువి వేయండి. రెండు రేడియల్, రెండు నైలాన్ కలిపి వేసిన కారు తడి రోడ్డు మీద బ్రేకు తొక్కగానే ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక డ్రమ్ము లోపలికి వద్దాం. ఇక్కడ ఒక అద్భుతమైన ఏర్పాటు ఉంది, దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. మోరిస్ కుటుంబం కార్లలో ముందు ఒక్కో డ్రమ్ముకు రెండు వీల్ సిలిండర్లు ఉంటాయి, ఒక్కో షూకి ఒకటి. కారు ముందుకు పోతున్నప్పుడు తిరిగే డ్రమ్ము షూని తన వెంట లాక్కుపోబోతుంది. షూ రెండో చివర కదలకుండా ఆని ఉంటుంది కనుక, లాగిన కొద్దీ డ్రమ్ముకు ఇంకా గట్టిగా అదుముకుంటుంది. తలుపు కింద పెట్టిన చెక్క సీల, తలుపును తోసిన కొద్దీ ఇంకా బిగుసుకున్నట్టు. ఇలా పనిచేసే షూని లీడింగ్ షూ అంటారు. ముందు చక్రాల్లో రెండూ లీడింగే. అంటే మీ కాలి బలాన్ని చక్రం తిరిగే బలమే పెంచిపెడుతోంది. ఇంజిన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే సర్వో లేకుండా, వాక్యూమ్ గొట్టం లేకుండా, కేవలం జ్యామితితో. 1950ల ఇంజనీర్లు టన్నుకు పైబడిన కారును మామూలు మనిషి కాలితో ఆపగలిగింది ఇలాగే.

డిస్కుకు ఈ గుణం లేదు. ప్యాడ్లు పక్క నుంచి అదుముతాయి, చక్రం వాటికి ఏ సాయమూ చేయదు. కాబట్టి అదే ఆపుదలకు లైనులో చాలా ఎక్కువ ఒత్తిడి కావాలి. డ్రమ్ములు పీకి డిస్కులు బిగించి, మిగతాది ఏదీ ముట్టుకోకుండా రోడ్డెక్కితే పెడల్ రాయిలా ఉంటుంది. అప్పుడు మెకానిక్ సర్వో పెడదామంటాడు. పెడతారు. పెడల్ మెత్తబడుతుంది, అందరూ సంతోషిస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది.

సర్వో పెంచిన ఒత్తిడి ముందు ప్యాడ్లను అదిమే కాలిపర్లకే కాదు, వెనక డ్రమ్ములకూ పోతుంది. అవి ఇంకా డ్రమ్ములే, తమను తాము బిగించుకునే గుణం వాటికి ఇంకా ఉంది. బ్రేకు తొక్కగానే కారు బరువు ముందుకు వాలుతుంది, వెనక టైర్ల మీద బరువు తగ్గుతుంది. తేలికైన చక్రాల మీద, కంపెనీ లెక్కకు మించిన ఒత్తిడి. ఫలితం: వెనక చక్రాలు ముందుగా లాక్ అవుతాయి. ముందు చక్రాలు లాక్ అయితే కారు తిన్నగా జారిపోతుంది, స్టీరింగ్ పనిచేయదు, కానీ ముక్కు ముందే ఉంటుంది. వెనకవి ముందుగా లాక్ అయితే కారు తోక ముందుకొచ్చేస్తుంది. వాన పడిన రోడ్డు మీద అంబాసిడర్ లాంటి బండి అడ్డం తిరిగితే అది ఎదుటి లారీకి తలుపు చూపిస్తుంది, బంపరు కాదు. తలుపుల్లో అడ్డకమ్మీలు లేని కాలపు కారు అది. డిస్కు మార్పిడిలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. పొడి రోడ్డు మీద వీధి చివరిదాకా నడిపి "బ్రేకు సూపర్" అని చేసే ట్రయల్‌లో ఇది బయటపడదు.

దీనికీ మందు ఉంది, వెనక లైనులో ఒత్తిడిని తగ్గించే ప్రొపోర్షనింగ్ వాల్వు. దాన్ని ఎంత తిప్పి సెట్ చేయాలో తెలియాలంటే ఖాళీ రన్‌వే లాంటి చోట, తడిలోనూ పొడిలోనూ, మనుషుల బరువుతోనూ లేకుండానూ తొక్కి చూడాలి. ఆ పని ఎవరు చేస్తున్నారు? తర్వాత, తొక్కినప్పుడు ఆయిల్‌ను లైన్లలోకి తోసే మాస్టర్ సిలిండర్. కాలిపర్ పిస్టను పెద్దది, ఎక్కువ ఆయిల్ తాగుతుంది, పాత సిలిండర్ చాలక పెడల్ నేల దాకా పోతుంది. పెద్ద బోరు సిలిండర్ వేస్తే పెడల్ మళ్లీ బిగుసుకుంటుంది. ముప్పావు అంగుళం బోరు నుంచి 7/8 అంగుళానికి పోతే, అదే ఒత్తిడికి కాలు 36 శాతం ఎక్కువ బలం పెట్టాలి. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్‌లో, తొక్కు వదిలాక కూడా లైనులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి కనుక అది అక్కడ మంచిదే. డిస్కులో అలాంటి స్ప్రింగులు లేవు. ఆ మిగిలిన ఒత్తిడికి ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి, వేడెక్కుతాయి, హైవే మీద ఆయిల్ మరుగుతుంది. అలాగని వాల్వు పూర్తిగా తీసేస్తే, సిలిండర్ కాలిపర్ల కన్నా కిందుగా ఉన్న కార్లలో ఆయిల్ వెనక్కి జారి, మొదటి తొక్కుకు పెడల్ ఖాళీగా పోతుంది.

ఇంకా హబ్బు మారితే చక్రం బయటికి జరుగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, బేరింగు మీద భారం మారుతుంది. కాలిపర్ రిమ్ముకు తగులుతుంది. హోసు పొట్టిదైతే పూర్తిగా తిప్పినప్పుడు లాగుకుంటుంది, పొడుగైతే టైరుకు రాసుకుని కోసుకుపోతుంది. కాలిపర్ పట్టే బ్రాకెట్టును ఎవరో ఇనుప పలక కోసి, వెల్డింగ్ పెట్టి చేస్తారు. ఆగేటప్పుడు చక్రం బలమంతా ఆ బ్రాకెట్టు మోయాలి. దానికి లెక్క వేసినవాడు లేడు, పరీక్ష చేసినవాడు లేడు. ఒకటి మారిస్తే ఏడు మారతాయి, ఏడూ సరిగ్గా మార్చే చోటు చాలా అరుదు.

"ఘాట్ దిగేటప్పుడో?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తిరుమల నుంచి దిగుతున్నామనుకోండి. మనుషులు, సామానుతో కలిపి కారు 1,500 కిలోలు, దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు. ఆ దిగుదలలో వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు ఒక కోటి జౌళ్లు. అదే కారు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆగితే బ్రేకులు మింగేది 3.7 లక్షల జౌళ్లు. అంటే కొండ దిగడం పాతిక సార్లకు పైగా 80 నుంచి ఆగడంతో సమానం, మధ్యలో చల్లారే వ్యవధి లేకుండా. ఇంత వేడిని బ్రేకులకు అప్పగించడమే తప్పు, అవి డ్రమ్ములైనా డిస్కులైనా. దాన్ని ఇంజిన్ మోయాలి. ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగండి, చాలా చోట్ల అది రెండో గేరు. వేగం పెరిగితే బ్రేకును కాసేపు గట్టిగా తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి. కాలు అలా ఆనించే ఉంచడం వల్లే లైనింగులు కాలిన వాసన వస్తుంది. పెడల్ రాను రాను లోతుకు పోతుంటే ఆపి, బండి పక్కన పెట్టి, అరగంట చల్లారనివ్వండి. నీళ్లు పోయకండి, కాలిన పోత ఇనుము డ్రమ్ము పగులుతుంది.

అనంతగిరి ఘాట్‌లోనూ శ్రీశైలం దారిలోనూ పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపేసి దిగే పాత అలవాటు కొందరికి ఇంకా ఉంది. ఏ బ్రేకులున్నా ఇది మానుకోవాలి. సర్వో పెట్టిన కారులో ఇది మరీ ఘోరం. ఇంజిన్ ఆగితే వాక్యూమ్ ఆగుతుంది, రెండు మూడు తొక్కుల తర్వాత పెడల్ బిగుసుకుపోతుంది. సర్వో లేని డ్రమ్ము కారులో పెడల్ తీరు ఇంజిన్‌తో మారదు.

సరే, ఇప్పుడు చేయాల్సిన పని. ముందుగా లైనింగు దుమ్ము గురించి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము ఊడదీయగానే కుర్రాడు కంప్రెసర్ గాలి కొట్టబోతాడు, ఆపండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత చంపుతుంది. తడిగుడ్డతో తుడిపించండి, మూతికి మంచి మాస్కు పెట్టించండి, గుడ్డను సంచిలో కట్టి పారేయించండి. షెడ్డులో నవ్వినా పట్టించుకోకండి. ఆ కుర్రాడికి పదహారేళ్లు ఉంటాయి.

పని వెనక చక్రాల నుంచి మొదలుపెట్టమంటాను. ఆపడంలో ముందు చక్రాలదే పెద్ద వాటా కదా, వెనకవి ఎందుకు ముందు అంటారు. ఎందుకంటే ఏ షెడ్డులోనూ వాటిని ఎవరూ సరిగా చూడరు. యాక్సిల్ సీలు కారి, గేరు ఆయిల్ లైనింగుకు పట్టి, ఒక వెనక చక్రం పట్టకుండా ఉంటుంది. హ్యాండ్ బ్రేకు కూడా ఆ వెనక డ్రమ్ములదే. మిగతా బ్రేకు మొత్తం పోయిన రోజున మీకు మిగిలేది అదొక్కటే. ఆయిల్ పట్టిన లైనింగును పెట్రోలుతో కడిగి, మంట పెట్టి ఆరబెట్టి మళ్లీ వేస్తారు కొందరు. వద్దు, లోపలికి ఇంకిన నూనె వేడెక్కగానే మళ్లీ బయటికొస్తుంది. సీలు మార్చి, ఆ యాక్సిల్‌కు రెండు వైపులా కొత్త లైనింగులు వేయించండి. ఒక్క వైపు మారిస్తే కారు ఒక పక్కకు లాగుతుంది.

డ్రమ్ములను లేతు మీద తొలిపించేటప్పుడు ఎడమ, కుడి ఒకే సైజుకు తెప్పించండి, కంపెనీ ఇచ్చిన హద్దు దాటనివ్వకండి. పలచబడ్డ డ్రమ్ము త్వరగా వేడెక్కుతుంది, త్వరగా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. తొలిచిన డ్రమ్ము కాస్త పెద్దదవుతుంది కనుక కొత్త షూ వంపు దానికి సరిపోదు, మధ్యలో మాత్రమే తగులుతుంది. ఇక్కడే నూటికి తొంభై షెడ్లు పని వదిలేస్తాయి. "నడిస్తే అదే సెట్ అవుతుంది" అంటారు. అది సెట్ అయ్యేలోపు మీకు సగం బ్రేకే ఉంటుంది. డ్రమ్ము లోపల సుద్దముక్కతో రుద్దించి, షూని చేత్తో పెట్టి అటూ ఇటూ జరిపి చూడండి. లైనింగు మీద సుద్ద ఎక్కడ అంటిందో అక్కడే అది తగులుతోంది. అంటినచోట కొంచెం కొంచెం గీరించి, మళ్లీ చూసి, చివరి నుంచి చివరి దాకా అంటే వరకు చేయించండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీల డ్రమ్ముల మీద ఏళ్ల తరబడి పనిచేసిన పెద్ద మేస్త్రీలు ఈ పనిని చూపుతో చేయగలరు. అలాంటివాళ్లు ఒక్కరు దొరికినా మీ కారు అదృష్టం. డిస్కు కిట్టు అమ్మేవాడికిచ్చే డబ్బులో కొంత ఆయన చేతిలో పెట్టండి.

బిగించేటప్పుడు ముందు చక్రాల్లో షూలు కూర్చునే బ్యాక్ ప్లేట్లు ఎడమ కుడి తారుమారు కాకుండా చూసుకోండి. తారుమారైతే రెండు లీడింగ్ షూలూ ఎదురు పనిచేస్తాయి, కారు ముందుకు పోతుంటే పట్టదు, వెనక్కి పోతుంటే పడుతుంది. "డ్రమ్ము బ్రేకు ఇంతే సార్" అనిపించుకున్న కార్లలో ఈ తప్పుతో తిరిగేవి లేకపోలేదు. అన్నీ సరిగ్గా ఉన్న కారులో కూడా రివర్సులో ముందు బ్రేకు పట్టు తక్కువని గుర్తుంచుకోండి. ఏటవాలు మీద వెనక్కి దిగేటప్పుడు చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద ఉండాలి.

అడ్జస్ట్ చేయడం మీరే నేర్చుకోండి. కష్టమేమీ కాదు, జాకీ, స్టాండ్లు, స్క్రూడ్రైవరు చాలు. చక్రం లేపి, అడ్జస్టరును షూ డ్రమ్ముకు బిగుసుకునే దాకా తిప్పి, చక్రం తేలిగ్గా తిరిగే దాకా ఒక్కో క్లిక్కు వెనక్కి తీయాలి. ముందు చక్రానికి రెండు సిలిండర్లున్న కారులో అడ్జస్టర్లు కూడా రెండు. ఒకటి చేసి రెండోది వదిలేయడం మామూలుగా జరిగే నిర్లక్ష్యం. ప్రతి మూడు నాలుగు వేల కిలోమీటర్లకు చూసుకుంటే పెడల్ ఎప్పుడూ పైనే దొరుకుతుంది. పెడల్ ఏం చెబుతోందో కూడా వినండి. మొదటి తొక్కుకు లోతుకు పోయి, రెండో తొక్కుకు పైన గట్టిగా దొరికితే అడ్జస్ట్‌మెంటు కావాలి. స్పాంజిలా మెత్తగా ఉంటే లైనులో గాలి ఉంది. కాలు అలాగే అదిమి ఉంచితే మెల్లగా నేలకు దిగుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు బకెట్లు పోయాయి, ఆ బండిని ఆ రోజు బయటికి తీయకండి.

రబ్బరు హోసులు చూడ్డానికి బాగున్నా పదేళ్లు దాటితే మార్చండి. లోపల ఉబ్బి దారి మూసుకుంటాయి. తొక్కినప్పుడు ఆయిల్ పోతుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు, ఆ చక్రం పట్టేసుకుని కాలుతుంది. నిందంతా డ్రమ్ము మోస్తుంది. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి పూర్తిగా మార్చండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4కు అవి 230, 155. లోపల తేమ పైపులకూ సిలిండర్లకూ తుప్పు పట్టిస్తుంది. సిలికాన్‌తో చేసిన డాట్ 5 వీటితో కలపకూడదు. బ్రేకు ఆయిల్ అందుబాటులో లేక కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోస్తే మొత్తం రబ్బరు ఉబ్బి పాడవుతుంది, ప్రతి బకెట్టూ ప్రతి హోసూ మార్చాల్సి వస్తుంది.

వాననీళ్లలో నడిచిన డ్రమ్ము కొద్దిసేపు పట్టదు. ఇది నిజమైన లోపం, డిస్కు ఇక్కడ స్పష్టంగా మెరుగు. హైదరాబాదులో ఒక గంట వానకే మోకాటి లోతు నిలిచే రోడ్లున్నాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నీళ్లు దాటగానే, వెనక ఎవరూ దగ్గరగా లేనప్పుడు, మెల్లగా నడుపుతూ ఎడమ కాలితో బ్రేకు కొద్దిగా అదిమి ఉంచండి. ఆ రాపిడి వేడికి లైనింగు ఆరిపోతుంది. పట్టు తిరిగొచ్చిందని కాలికి తెలిశాకే వేగం పెంచండి.

మార్చాలన్న తపన ఇంకా తీరకపోతే ఒకటి మార్చండి, దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పాత మార్కు అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒక్కటే సర్క్యూటు. ఒక పైపు తుప్పు పట్టి చిట్లినా, ఒక బకెట్టు పోయినా, నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. అమెరికాలో 1960ల చివరికే రెండు సర్క్యూట్లు తప్పనిసరి చేశారు. ఇదీ ఆ కాలపు కారులోని అసలు లోటు, డిస్కులు వేసినా ఈ లోటు అలాగే ఉంటుంది. నిజానికి పెరిగిన ఒత్తిడి పాత పైపుల మీద పడి ఎక్కువవుతుంది. కాబట్టి నాలుగు డ్రమ్ముల కారు కోసమే చేసిన, మీ పాత సిలిండర్ బోరుకు సరిపోయే టాండెం మాస్టర్ సిలిండర్ పెట్టించండి. ముందు చక్రాలకు ఒక లైను, వెనక చక్రాలకు ఒక లైను. పైపులన్నీ కొత్తవి లాగించండి, అతుకులు ఒప్పుకోకండి. ఆయిల్ తగ్గితే వెలిగే దీపం డ్యాష్‌బోర్డు మీద పెట్టించండి. ఇది చూపులకు కనిపించదు, చక్రాల సందుల్లోంచి మెరవదు, ఎవరూ మెచ్చుకోరు. మీ కుటుంబాన్ని కాపాడే మార్పు మాత్రం ఇదే.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న బండికే వీఏ అక్షరాల ప్రత్యేక నంబరు దొరుకుతుంది. మీ కారు ఆ వయసుకు దగ్గర పడుతుంటే కోసి పారేసిన బ్యాక్ ప్లేట్లు తర్వాత ఎక్కడా దొరకవు.

అంతా విన్నాక కూడా డిస్కులే కావాలనేవాళ్లుంటారు, వాళ్ల కారు వాళ్లిష్టం. కనీసం ఇంత చేయండి. తర్వాతి కాలంలో కొన్ని అంబాసిడర్లకు కంపెనీయే ముందు డిస్కులు ఇచ్చింది. అలాంటి బండి నుంచి స్టబ్ యాక్సిల్ మొదలు హబ్బు, కాలిపర్, హోసు, మాస్టర్ సిలిండర్, సర్వో, వెనక బ్రేకు సిలిండర్ల దాకా మొత్తం ఒక కుటుంబంగా తెచ్చుకోండి. కాలిపర్ ఒక కారుది, సర్వో ఇంకో కారుది, సిలిండర్ పాతదే అనే కలగూరగంప వద్దు. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. తడి నేల మీద వెనక చక్రాలు ముందుగా లాక్ కావడం లేదని ఖాళీ చోట తేల్చుకోకుండా పిల్లల్ని ఎక్కించకండి. పాత డ్రమ్ములు, షూలు, బ్యాక్ ప్లేట్లు నూనె రాసి అటక మీద దాచండి.

డిస్కుల మీద నాకున్న మరో అభ్యంతరం కారులో లేదు, నడిపేవాడిలో ఉంది. 1980లలో జర్మనీలోని మ్యూనిక్‌లో కొన్ని టాక్సీలకు చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ పెట్టి, కొన్నిటికి పెట్టకుండా పోల్చి చూశారు. ఏబీఎస్ ఉన్న టాక్సీలకు ప్రమాదాలు తగ్గలేదు. వాటి డ్రైవర్లు ఇంకా దూకుడుగా నడిపారు. అలాగే డిస్కులు వేసిన అంబాసిడర్ 60లో ఉండదు, 90కి పోతుంది. అక్కడ ఆ స్టీరింగ్, ఆ సస్పెన్షన్, సీటు బెల్టుల్లేని ఆ సీట్లు అన్నీ పాతవే.

లెక్క చూడండి. ప్రమాదం కనిపించి కాలు బ్రేకు మీదికి వచ్చేసరికి సెకనున్నర అనుకుందాం. డ్రమ్ము కారు, సెకనుకు సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకుంటూ, 80 నుంచి ఆగడానికి 74 మీటర్లు తీసుకుంటుంది. మంచి టైర్లు, డిస్కులు ఉన్న కొత్త కారు 9 మీటర్ల చొప్పున తగ్గించుకున్నా 80 నుంచి 61 మీటర్లు తీసుకుంటుంది. అదే డ్రమ్ము కారు 60లో పోతుంటే 48 మీటర్లలో ఆగిపోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం పైకెత్తితే కొత్త కారు కన్నా ముందే ఆగవచ్చు, పైసా ఖర్చు లేదు. ఎడమ లేనులో 60లో పొండి. ముందు బండికి మూడు సెకన్ల దూరం వదలండి. ఆ ఖాళీలోకి ఆటో దూరితే తిట్టుకోకుండా మళ్లీ మూడు సెకన్లు వదలండి. ఔటర్ రింగు రోడ్డు మీదికి ఈ కారును తీసుకెళ్లకండి, ఊళ్ల మీదుగా పోయే పాత రోడ్లున్నాయి.

కొత్త లైనింగులు వేశాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి తొక్కులు తొక్కకుండా నడపండి, ఆ తర్వాత అన్ని చక్రాలూ మళ్లీ ఒకసారి అడ్జస్ట్ చేయండి. బంధువులెవరైనా సరదాపడి నడుపుతామంటే వెంటనే తాళం చేతికివ్వకండి. వాళ్ల కాలు సర్వో ఉన్న కొత్త కారుకు అలవాటుపడింది. ఖాళీ మైదానంలో 40 వేగం నుంచి పది సార్లు పూర్తిగా ఆపించండి, తొడ బలం పెట్టి తొక్కడం ఎలాగో వాళ్ల కాలికి తెలిశాక అప్పుడు రోడ్డు ఎక్కించండి.